ఐదు నిమిషాల వంతు

బోధన్ దాటాక వచ్చే ఒక చిన్న ఊళ్లో గ్రంథాలయం నడుపుతాను నేను. నిజామాబాద్ నుంచి రోజూ బస్సులో పోయి వస్తాను. రెండు గదులు, ఐదు బీరువాలు, నాలుగు ఫ్యాన్లు, అందులో సరిగ్గా తిరిగేది ఒకటి, ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్. పొద్దున తాళం తీసేది నేనే, పేపర్లు బల్ల మీద పరిచేది నేనే, సాయంత్రం ఊడ్చి తాళం వేసేదీ నేనే. రాజూ మంత్రీ బంటూ ఒకడే అయిన చోట పెత్తనం కొంచెం ఎక్కువే ఉంటుంది. ఆ పెత్తనంతో నేను చేసిన ఒక పని గురించి రాస్తున్నాను. ఇన్నాళ్లూ ఇంట్లో కూడా చెప్పలేదు.

నాకు కోపం తొందరగా వస్తుంది. వచ్చిన కోపాన్ని మొహం మీద అనేసే ధైర్యం మాత్రం లేదు. లోపల్లోపల ఉడుకుతూ వేరే దారిలో తీర్చుకుంటాను. చారులో ఉప్పు ఎక్కువైతే ఏమీ అనను, గిన్నె పక్కకు జరిపి మజ్జిగ పోసుకుంటాను. మా ఆవిడ దాన్ని మూగ కొట్లాట అంటుంది.

పోయిన ఎండాకాలం నా కోపమంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ల మీద ఉండేది. సరిగ్గా తిరిగే ఆ ఒక్క ఫ్యాను దాని నెత్తి మీదే ఉంది. ఏదో ఒక పేజీ తెరిచిపెట్టుకుని, మౌసు ముట్టకుండా, గాలికి కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లు కొందరు. వెనక బెంచీ మీద ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలు. "సార్, గాయన లేస్తలేడు సార్" అని వాళ్లు నా దగ్గరికి వచ్చి చెప్పేవాళ్లు. లేవమని నేను అనాలి. అన్నానంటే ఎదుటివాడు సర్పంచ్ బంధువో, నా చిన్ననాటి స్నేహితుడి మామో అవుతాడు. చిన్న ఊళ్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియదు.

అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. కరెంటు వృథా చేయవద్దు, అవసరం లేనప్పుడు లైట్లూ ఫ్యాన్లూ ఆర్పండి అని. కంప్యూటర్ మాట అందులో ఎక్కడా లేదు. అయినా అది నా కోసమే వచ్చిందనుకున్నాను. ఆ సాయంత్రం అందరూ పోయాక సెట్టింగ్స్ తెరిచి, పవర్ అండ్ స్లీప్ అన్న చోటికి వెళ్లాను. తెర ఎంతసేపటికి ఆరిపోవాలి అన్న చోట పదిహేను నిమిషాలు ఉంది. మిషన్ ఎంతసేపటికి నిద్రపోవాలి అన్న చోట ముప్పై. రెండూ ఐదుకు తెచ్చాను. లేచాక మళ్లీ పాస్‌వర్డ్ అడగాలి అన్న దగ్గర కూడా టిక్కు పెట్టాను. ఆ పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు. ఇక ఐదు నిమిషాలు మౌసు కదలకపోతే తెర నల్లబడుతుంది, కూర్చున్నవాడు నా దగ్గరికి వచ్చి అడగాలి, అడగడానికి మొహమాటపడి లేచిపోతాడు. పామూ చావదు, కర్రా విరగదు. ఆ రోజు బస్సులో కిటికీ పక్క సీటు కూడా దొరికింది. హుషారుగా ఇంటికి వెళ్లాను.

నా ఉపాయం పారింది. గాలికి కూర్చునేవాళ్లు వారం లోపలే తగ్గిపోయారు. పరీక్షల పిల్లలకు ఏ ఇబ్బందీ రాలేదు, వాళ్ల చేతిలో మౌసు ఆగదు కదా. కదలకుండా కూర్చుని ఒకే పేజీని శ్రద్ధగా చదివేవాళ్లకు మాత్రమే అది దెబ్బ. గ్రంథాలయం నడిపేవాడు చదివేవాణ్ని లేపే ఏర్పాటు చేశాడన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. ధోతి, భుజం మీద తువ్వాల, చేతిలో ప్లాస్టిక్ కవరు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, ఒక చిట్టీ నా ముందు పెట్టాడు.

"సారూ, గీ పేరు కొడితె బొమ్మలు వస్తయంట. నిజామాబాద్ల డాక్టరమ్మ రాసిచ్చింది. జర తీసి పెడ్తరా."

"ఎవరికి బాపూ?"

"మా ఇంటామెకు. పక్షవాతమొచ్చి కుడి పక్క పడిపోయింది. చేతికి కసరత్తు చేపియ్యాలంట. గీ రెండు మూడు నెలలల్ల చేపిస్తేనే వేళ్లు కదుల్తయంట, లేకుంటె బిగుసుకపోతయని చెప్పిండ్రు. రొట్టె కొట్టే చెయ్యి సారూ."

ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అన్నాను. జేబులోంచి బటన్ల ఫోన్ తీసి చూపించాడు. బిడ్డను మహారాష్ట్రలో ఇచ్చారట, ఇంట్లో ఇద్దరే. కందకుర్తి వైపు ఒక పల్లె. అక్కడి నుంచి షేర్ ఆటోలో వచ్చాడు. మా ప్రింటర్‌లో ఇంకు ఎండిపోయి చాలా రోజులైందని చెప్పాను. "వద్దు సారూ, గీసుకుంట" అని కవరులోంచి పొడుగు నోటుబుక్కు, పెన్సిలు తీశాడు.

ఆ పేజీ తెరిచాను. ఒక్కో కసరత్తుకు వరుసగా నాలుగు బొమ్మలు, కింద తెలుగులో రెండేసి వాక్యాలు. పెద్దాయన కుర్చీ అంచున కూర్చుని, మౌసుకు చేతులు తగలకుండా దూరంగా పెట్టుకుని గీయడం మొదలుపెట్టాడు. తెర వంక చూస్తాడు, ఒక వేలు గీస్తాడు, మళ్లీ చూస్తాడు. నేను నా బల్ల దగ్గర రిజిస్టర్ రాసుకుంటున్నాను. ఐదు నిమిషాలకు తెర నల్లబడింది.

ఆయన నా వైపు చూశాడు. నేను ఆ చూపును చూశాను. లేచి రెండు అడుగులు వేసి పాస్‌వర్డ్ కొడితే అయిపోయేది. బెంచీ మీద ముగ్గురు పిల్లలు ఎదురుచూస్తున్నారు, ఎండకు నా తల పగిలిపోతోంది. నేను తల వంచుకుని రిజిస్టర్‌లో లేని పని వెతుక్కున్నాను. కాసేపు ఆగి, నోటుబుక్కు కవరులో పెట్టుకుని ఆయన లేచాడు.

"పోయొస్త సారూ."

"మంచిది బాపూ" అన్నాను.

మర్నాడు నేను తాళం తీసేసరికి గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు. పేజీ తెరిచి, "నిన్న మొదటిది అయింది గద, ఇయ్యాల రెండోది చూడు" అని నేనే ముందుకు జరిపాను. ఆయన ఏదో అనబోయి ఆగి, "ఆ సారూ" అన్నాడు. ఐదు నిమిషాలకు తెర నల్లబడింది. లేచి పోయాడు. ఈసారి నా వైపు చూడలేదు.

అట్లా వారానికి రెండు మూడు సార్లు వచ్చేవాడు. ఎప్పుడూ అందరికంటే ముందే. నేను ఒక్కో కసరత్తు ముందుకు జరిపేవాణ్ని, ఆయన కూర్చునేవాడు, తెర ఆరగానే లేచేవాడు. ఎంత బుద్ధిమంతుడు, చెప్పించుకోకుండా లేస్తాడు అని లోపల మెచ్చుకునేవాణ్ని కూడా. రాను పోను రెండు గంటల ప్రయాణం చేసి వచ్చి ఐదు నిమిషాలు కూర్చుని పోతున్నాడే అన్న ఆలోచన ఒకటి రెండు సార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా ఏదో ఒక పని చూసుకున్నాను.

వానలు మొదలయ్యాక ఒక పది పన్నెండు రోజులు రాలేదు. తర్వాత వచ్చిన రోజు కంప్యూటర్ వైపు పోకుండా నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చాడు. నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టాడు.

"సారూ, గీ నాలుగో బొమ్మల ఏమున్నదో జరంత సూసి చెప్తరా. నా వంతు గక్కడి దాంక వస్తలేదు."

"ఏం వంతు బాపూ?"

"గదే సారూ. టీవీ నల్లగైతది గద. మూడు బొమ్మలు గీసేసరికి నా వంతు అయిపోతున్నది."

నేను నోటుబుక్కు చూశాను. ప్రతి పేజీలో నాలుగు గడులు స్కేలుతో కొట్టి ఉన్నాయి. మూడు గడుల్లో చేతులు. వేళ్లు చిక్కుడుకాయల్లా వంకరగా ఉన్నా, గోళ్లు కూడా మరిచిపోకుండా గీశాడు. నాలుగో గడి ఖాళీ. పేజీ తిప్పాను, మళ్లీ నాలుగో గడి ఖాళీ. చివరి దాకా తిప్పాను. కొన్నింట్లో ఒక గీత మొదలై ఆగిపోయి ఉంది.

"నన్నడగొచ్చు గద బాపూ."

"వంతు అయినంక అడిగితె ఏం బాగుంటది సారూ. ఎనకోళ్లు కూసున్నరు గద."

"మర్నాడు వచ్చి ఆ నాలుగోది గీసుకోవద్దా?"

"మీరు ముందటికి జరిపిండ్రు. పోయిన నీళ్లు పోయినట్టే గదా అనుకున్న."

అప్పుడు అర్థమైంది. ఆయన పొలం కాలువ చివర అని అంతకుముందు ఒకసారి మాటల్లో చెప్పాడు. మా ప్రాంతంలో కాలువ నీళ్లకు వంతులు ఉంటాయి. ఇన్ని గంటలు నీకు, ఆ తర్వాత కింది వాడికి. వంతు అయిపోతే తూము మూస్తారు, మడి తడిసినా తడవకపోయినా పార భుజాన వేసుకుని ఇంటికి పోవలసిందే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లకూ వంతే. గేటు ముందు వరుసలో రోజులు గడిపినవాళ్లే ఈ వైపు పెద్దలంతా. కంప్యూటర్ నల్లబడగానే ఇంకెవరైనా అయితే చెడిపోయిందనుకుంటారు, కరెంటు పోయిందనుకుంటారు. ఈయన తూము మూశారనుకున్నాడు.

మా సొంతూరు కోటగిరి వైపు. మా పొలం కాలువ మొదట్లోనే. నాన్నను మేం బాపు అనేవాళ్లం. మా బాపు తన వంతు అయిపోయాక కూడా తూము దగ్గర గోనెసంచులు కుక్కి నీళ్లు మా మడికే మళ్లించుకునేవాడు. పట్టపగలే. చివరి పొలాల వాళ్లు గట్టు మీద నడుచుకుంటూ వచ్చి, ఎండిన కాలువ వంక చూసి, మా బాపు వంక చూసి వెనక్కి పోయేవాళ్లు. మా బాపు తల వంచుకుని ఏదో పనిలో ఉన్నట్టు పారతో మట్టి గీకేవాడు. ఆ తల వంచడం నాకు బాగా తెలుసు. రిజిస్టర్ మీద నేను వంచింది అదే తల.

"డాక్టరమ్మ ఏమన్నది?" అని అడిగాను.

"మొన్న తీస్కపోయిన. చెయ్యి సూసింది. వంచుడు చేపిచ్చినవు గని సాపుడు చేపియ్యలేదా అన్నది. నాకు అచ్చరాలు రావు, గీసుకున్నదే యాదికుంటది. సాపుడు యాడున్నదో తెల్వదాయె. ఆమె నాలుగో బొమ్మ సూడు అన్నది."

కంప్యూటర్ దగ్గరికి తీసుకుపోయి పేజీ తెరిచాను. ప్రతి కసరత్తులోనూ నాలుగో బొమ్మ అదే పని. మడిచిన వేళ్లను ఒక్కొక్కటిగా విప్పి, అరచేతిని బల్ల మీద చదునుగా చాచి, కాసేపు అట్లాగే పట్టుకోవాలి. అంటే రెండు నెలలు ఆయన రోజూ ఆమె చేతిని మడిచాడు. శ్రద్ధగా, లెక్క తప్పకుండా మడిచాడు. చాపనేలేదు.

"మరి గింతసేపట్లనే ఎందుకు బంద్ అయితది సారూ?" అని మామూలుగా అడిగాడు.

"కంప్యూటర్ అంతే బాపూ. జరసేపు ముట్టకపోతే దానంతట అదే బంద్ అయితది" అన్నాను.

"అట్లనా" అన్నాడు. నమ్మాడు.

చేసిన తప్పు ఒకటి, దాన్ని మిషన్ మీదికి నెట్టడం రెండోది. మొదటిది తెలియక చేశానని చెప్పుకోవచ్చు. రెండోది తెలిసే చేశాను. ఆయన నాలుగో బొమ్మలన్నీ గీసుకునే దాకా నేను పక్కనే నిలబడి మౌసు కదుపుతూ ఉన్నాను. ఆయన పోయాక సెట్టింగ్స్ తెరిచి, రెండు చోట్లా 'ఎప్పటికీ వద్దు' అన్నదాన్ని ఎంచుకున్నాను. పాస్‌వర్డ్ టిక్కు కూడా తీసేశాను. నిమిషం కూడా పట్టలేదు. నిమిషం పట్టని పని చేయక ఒక మనిషి చెయ్యి పణంగా పెట్టానన్న బాధతో ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు.

ఇంకొక సంగతి రాయడానికి సిగ్గేస్తోంది. మా ఇంటి సందు మొదట్లోనే జిరాక్స్ షాపు ఉంది. మొదటి రోజే ఆ పేజీలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుపోయి, రంగుల్లో తీయించి, మర్నాడు ఆయన చేతిలో పెట్టగలిగేవాణ్ని. రెండు నెలలు రోజూ ఆ షాపు ముందు నుంచే బస్టాండుకు నడిచాను. ఇప్పుడు తీయించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

ఆ కాగితాలు పట్టుకుని ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. రేకుల ఇల్లు, ముందు పందిరి, పందిరి కింద నులక మంచం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి దండం పెట్టబోయింది. ఎడమ చెయ్యి తెరుచుకుని వచ్చింది. కుడి చెయ్యి పిడికిలిగానే వచ్చి దాని మీద ఆనింది. ఆ పిడికిట్లో బట్ట చుట్ట ఒకటి పెట్టి ఉంది, గోళ్లు అరచేతిలో గుచ్చుకోకుండా.

"గీయననేనా నువ్వు చెప్పిన సారు" అని పెద్దాయనను అడిగి, నా వైపు తిరిగింది. మాట కొంచెం నత్తిగా ఉన్నా తెలుస్తోంది. "బడికి పోయొచ్చినట్టు పోయొచ్చి నా చెయ్యి పట్టుకుంటడు సారూ. పెండ్లప్పుడు గూడ గింతసేపు పట్టలేదు."

పెద్దాయన సిగ్గుపడి చాయ్ పెట్టడానికి లోపలికి పోబోయాడు. ఆయన పోతే ఇక నా నోట మాట రాదని తెలుసు. కూర్చోమన్నాను.

"బాపూ, ఆ రోజు అబద్ధం చెప్పిన. కంప్యూటర్ దానంతట అది బంద్ కాలేదు. ఐదు నిమిషాలకు బంద్ అయ్యేటట్టు నేనే పెట్టిన."

"మీరే పెట్టిండ్రా?"

"నేనే. గాలికి కూర్చునేటోళ్లు లేవాలని పెట్టిన. నువ్వు గీసుకుంటున్నవని తెలిసి గూడ తియ్యలేదు."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. తిడతాడని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె నా వంక, ఆయన వంక మార్చి మార్చి చూస్తోంది.

"పెట్టెటోడు ఎవడో ఒకడు ఉంటడు సారూ" అన్నాడు చివరికి. "కాలువ కాడ గూడ ఉంటడు." అంతే అని చాయ్‌కి లోపలికి పోయాడు.

నేను తెచ్చిన కాగితాలు ఆమె పక్కన మంచం మీద పెట్టాను. ఆమె పై కాగితంలో చాచిన అరచెయ్యి బొమ్మను ఎడమ చేతి వేలితో తడిమింది. "గిట్ల సాపుగైతే నా రొట్టెలు నేనే కొట్టుకుంట సారూ. గీయన కొట్టేటియి తింటె పండ్లు ఊడుతయి" అంది. పెద్దాయన చాయ్ తెచ్చాడు. చాయ్ తాగి లేచాను. చాయ్‌లో చక్కెర నాకోసం ఎక్కువే వేశాడు.

తర్వాత నిజామాబాద్‌లో ఆ డాక్టరమ్మ దగ్గరికి వాళ్లతో నేనూ పోయాను. మొదటి నుంచి చాపిస్తే ఈ వేళ్లు విచ్చుకునేవా అని అడిగాను. చెప్పలేం అంది ఆమె. కొందరికి ఎంత చేయించినా బిగుసుకుంటాయట, కొందరికి విచ్చుకుంటాయట. ఆమె నాకు ధైర్యం చెప్పాలని అన్నదో, నిజమే అన్నదో తెలియదు. ఆ 'చెప్పలేం' అన్న మాటను పట్టుకుని నిద్రపోవాలని చాలాసార్లు చూశాను. కుదరలేదు. ఇప్పటికి బొటనవేలూ చూపుడువేలూ కొంచెం తెరుచుకున్నాయి, మిగతా మూడూ తెరుచుకోలేదు. రొట్టెలు ఇంకా ఆయనే కొడుతున్నాడు.

కాలి కసరత్తులు ఇంకా ఉన్నాయి, వచ్చి చూసుకోమని నేనే బతిమాలాను. వాటినీ జిరాక్స్ తీయించి ఇవ్వగలను. కానీ ఆయన ఆ కుర్చీలో వచ్చి కూర్చోవాలి, కావలసినంత సేపు కూర్చోవాలి, తెర వెలుగుతూనే ఉండాలి. అది చూస్తే నా మనసు కాస్త తేలికపడుతుందని అనుకున్నాను. అందులోనూ నా స్వార్థమే ఉంది.

పోయిన వారం వచ్చాడు. వాన పడుతోంది, లోపల మేమిద్దరమే. పేజీ తెరిచి, మౌసు ఎట్లా పట్టుకోవాలో చూపించి, నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. ఆయన గీస్తున్నాడు. ఒక బొమ్మ అయింది, రెండు అయ్యాయి. ఈసారి నేను తల వంచలేదు, చూస్తూనే ఉన్నాను. మూడో బొమ్మ అవుతుండగా తల ఎత్తి గోడ గడియారం చూశాడు. పెన్సిలు జేబులో పెట్టుకుని, నోటుబుక్కు కవరులోకి తోసి లేచాడు.

"కూసో బాపూ. ఇప్పుడు బంద్ కాదు, నేను తీసేసిన."

"ఎరికే సారూ. ఐదు నిమిషాలు అయింది గద. ఎనకోళ్లకు గూడ రావాలె."

నేను వెనక బెంచీ వైపు చూశాను. దాని మీద ఎవరూ లేరు.